సౌండ్ చాలడం లేదా, బాగా లేదా? హెడ్‌ఫోన్‌కి యాంప్ ఎప్పుడు కావాలి

మొన్న మా స్నేహితుడి తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, మంచి యాంప్ ఒకటి చెప్పవా? కొత్త హెడ్‌ఫోన్‌కి ఫోన్ పవర్ సరిపోవట్లేదు" అన్నాడు. యాంప్ అంటే సౌండ్ సిగ్నల్‌ని పెద్దది చేసే పరికరం. ఏమైందిరా అని అడిగితే, పాటలో గొంతు ఎక్కడో గోడ అవతల నుంచి వస్తున్నట్టుందట. వాయిద్యాలు మాత్రం చెవుల పక్కనే తిరుగుతున్నాయట. బేస్ అసలు లేదట. ఇంపెడెన్స్ (కరెంటుకి హెడ్‌ఫోన్ చూపే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) ఎక్కువున్న హెడ్‌ఫోన్‌కి యాంప్ లేకపోతే సౌండ్ పల్చగా ఉంటుందని ఎక్కడో చదివాడు. తన హెడ్‌ఫోన్ డబ్బా మీద 80 ఓమ్‌లని ఉంది. ఇంకేం, రోగం దొరికిందనుకున్నాడు.

సాయంత్రం అన్నీ పట్టుకుని వచ్చాడు. పాట పెట్టి నేనూ విన్నాను. వాడు చెప్పింది అక్షరాలా నిజం. పాడే ఆవిడ లేదు, ఆవిడ గొంతు తాలూకు ప్రతిధ్వని మాత్రం ఉంది. ఫోన్ చేతిలోకి తీసుకుని జాక్ దగ్గర చూశాను. మందపాటి రబ్బరు కేసు, దానికి చిన్న కన్నం. ప్లగ్ మెడ దగ్గరుండే ప్లాస్టిక్ భాగం ఆ కన్నం అంచుకు తట్టుకుని ఆగిపోయింది. కేసుకీ ప్లగ్గుకీ మధ్య వెంట్రుకవాసి ఇత్తడి రంగు మెరుస్తోంది. కేసు ఊడదీసి బొటనవేలితో నొక్కితే టక్కుమంది. గొంతు వచ్చి సరిగ్గా నడిమధ్యలో నిలబడింది. దాని వెనకే బేస్ కూడా. "ఇంతేనా అన్నా!" అన్నాడు వాడు. ఇంతే. కానీ ఈ ఇంతలో తెలుసుకోవాల్సింది చాలా ఉంది.

మామూలు స్టీరియో ప్లగ్‌లో మూడు ముక్కలుంటాయి. కొన ఎడమ చెవికి, మధ్య ఉంగరం కుడి చెవికి, అడుగు భాగం రెండింటికీ కలిపి గ్రౌండ్. ప్లగ్ పూర్తిగా దిగకపోతే ఈ గ్రౌండ్ తెగిపోతుంది. కరెంటు వెనక్కి పోవడానికి దారి లేక ఒక స్పీకర్‌లోంచి ఇంకో స్పీకర్‌లోకి పోతుంది. అప్పుడు మన చెవికి అందేది ఎడమా కుడీ కాదు, ఆ రెండింటి మధ్య తేడా. పాటల్లో గొంతు, బేస్ గిటారు, పెద్ద డ్రమ్ముని సాధారణంగా మధ్యలో ఉంచుతారు, అంటే రెండు చానళ్లలోనూ సమానంగా. సమానమైనవాటి తేడా సున్నా. అందుకే అవి మాయమై, పక్కలకు పరిచిన వాయిద్యాలూ ప్రతిధ్వనీ మిగులుతాయి. దీనికి పది రెట్లు పవర్ ఇచ్చినా, ఆ తేడానే పది రెట్ల పవర్‌తో వస్తుంది. గొంతు మాత్రం రాదు.

హెడ్‌ఫోన్ గురించి మనం చేసే ఫిర్యాదులన్నీ నిజానికి రెండు రకాలు. ఒకటి, సౌండ్ చాలడం లేదు. రెండు, సౌండ్ బాగా లేదు. వినేవాడికి ఈ రెండూ ఒకేలా అనిపిస్తాయి. పల్చగా ఉంది, ప్రాణం లేదు, పంచ్ లేదు అంటాం. యాంప్ చేసే పని మాత్రం ఒక్కటే, వచ్చిన సిగ్నల్‌ని యథాతథంగా పెద్దది చేయడం. మొదటి ఫిర్యాదుకి అది మందు. రెండోదానికి, ఒక్క మినహాయింపు తప్ప, దానితో పనిలేదు. ఆ మినహాయింపు దగ్గరికి తర్వాత వస్తాను. ముందు తప్పు ఎక్కడుందో పట్టుకుందాం.

ఒక్కొక్కటే మార్చి చూడటం

పాట ఫైలు, యాప్, ఫోన్ లేదా కంప్యూటర్, అందులోని డాక్ (అంకెల్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే చిప్), యాంప్, ప్లగ్, వైరు, లోపలి డ్రైవర్ (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్), కుషన్, చివరికి మన చెవి. సౌండ్ వచ్చే దారి ఇది. తప్పు ఏ అంచెలోనైనా ఉండొచ్చు. చాలామంది ఒకేసారి వైరు మార్చి, యాప్ మార్చి, సెట్టింగులు కదిపి, ఆఖరికి ఏది పనిచేసిందో తెలియకుండా ఉండిపోతారు. ఒకసారికి ఒక్కటే మార్చండి. అదే హెడ్‌ఫోన్‌ని ఇంకో ఫోన్‌కి పెట్టండి. అదే ఫోన్‌కి ఇంకో హెడ్‌ఫోన్ పెట్టండి. ఈ రెండు మార్పులతోనే తప్పు ఎటువైపుందో చాలాసార్లు తేలిపోతుంది.

ఒక పక్క తక్కువ వినిపిస్తోందనే ఫిర్యాదుకి ఇంకో మంచి పరీక్ష ఉంది. హెడ్‌ఫోన్‌ని తిప్పి పెట్టుకోండి, ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమకి. తక్కువ సౌండ్ కూడా హెడ్‌ఫోన్‌తో పాటు రెండో చెవికి మారితే తప్పు హెడ్‌ఫోన్‌లోనో దాని వెనకో ఉంది. ఎటు తిప్పినా మీ అదే చెవికి తక్కువగా వినిపిస్తే తప్పు వస్తువులో లేదు. చెవిలో గుబిలి అడ్డుపడి ఉండొచ్చు. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఒక చెవి వినికిడి గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో హఠాత్తుగా తగ్గితే హెడ్‌ఫోన్ సంగతి పక్కనపెట్టి వెంటనే చెవి డాక్టర్‌ని కలవండి. దానికి చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. తర్వాత చూద్దాంలే అనుకునే విషయం కాదు.

తప్పు వస్తువులోనే అని తేలితే, ముందు ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్లి యాక్సెసిబిలిటీలో ఎడమ-కుడి బ్యాలెన్స్ గీత నడిమధ్యలో ఉందో లేదో చూడండి. అది పొరపాటున జరిగిపోయి, దానివల్ల మంచి ఇయర్‌ఫోన్లు చెత్తబుట్టలో పడ్డ సందర్భాలు నాకు తెలుసు. వైరు ఊడదీసే వీలున్న హెడ్‌ఫోన్ అయితే కప్పుల దగ్గర రెండు పిన్నులు అటూఇటూ మార్చండి. తక్కువ సౌండ్ పక్క మారితే తప్పు వైరుదో దాని వెనకదో. మారకపోతే ఆ పక్క డ్రైవర్‌ది. ఇయర్‌ఫోన్ అయితే కొన దగ్గరి జాలీని వెలుతురులో పట్టి చూడండి. గుబిలి పేరుకుని సగం మూసుకుపోయి ఉంటుంది చాలాసార్లు. జాలీ కిందికి ఉండేలా పట్టుకుని, పొడి మెత్తని బ్రష్‌తో దులపండి. పైకి పెట్టి దులిపితే ఆ చెత్త లోపలికే పోతుంది.

ఫోన్ జాక్‌లోనూ ఇదే కథ. జేబులోని నూలుపోగులు అడుగున చేరి గట్టిపడి, ప్లగ్‌ని పూర్తిగా దిగనివ్వవు. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా తీయాలి. సూది, పిన్నీసు లాంటి లోహపు వస్తువులు వద్దు. లోపలి స్ప్రింగులు వంగితే తప్పు ఇంకా పెద్దదవుతుంది.

మైకున్న ఇయర్‌ఫోన్ల ప్లగ్‌లో నాలుగు ముక్కలుంటాయి. గ్రౌండ్, మైక్ ఏ వరుసలో ఉండాలన్న దాని మీద రెండు పద్ధతులు నడిచాయి, సీటీఐఏ అనీ ఓఎంటీపీ అనీ. ఇప్పుడు దాదాపు అన్నీ సీటీఐఏనే. పాత సామాన్లలో రెండోది తగులుతుంది. ఫోన్ ఒక పద్ధతి, ఇయర్‌ఫోన్ ఇంకో పద్ధతి అయితే సరిగ్గా ఆ గొంతు మాయమయ్యే లక్షణమే వస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. వైరు మీదున్న కాల్ బటన్‌ని నొక్కి పట్టుకోండి. నొక్కినంతసేపూ పాట మామూలుగా వచ్చి, వదలగానే మళ్లీ బోలుగా అయిపోతే అదే తప్పు. ఆ బటన్ మైక్‌నీ గ్రౌండ్‌నీ కలుపుతుంది కాబట్టి అలా జరుగుతుంది. వరుస మార్చే చిన్న అడాప్టర్ దొరుకుతుంది, యాంప్‌తో పనిలేదు.

బ్లూటూత్‌కి యాంప్ తగిలించలేం

వైర్‌లెస్ హెడ్‌ఫోన్‌లో డాక్, యాంప్ రెండూ కప్పులోపలే ఉంటాయి. ఫోన్ పంపేది అంకెలు మాత్రమే. కాబట్టి బయట ఏ యాంప్ పెట్టినా వైర్‌లెస్‌గా వినేటప్పుడు దానికి పాత్రే లేదు. సౌండ్ తక్కువైతే ఫోన్ వాల్యూమ్, హెడ్‌ఫోన్ వాల్యూమ్ వేరువేరుగా నడుస్తున్నాయేమో చూడాలి. కొన్ని జతల్లో ఫోన్ నిండుగా ఉన్నా, హెడ్‌ఫోన్ తనది సగంలోనే పెట్టుకుని ఉంటుంది. వినికిడి రక్షణ కోసం పెట్టిన వాల్యూమ్ పరిమితి ఆన్‌లో ఉందేమో కూడా చూడండి.

ఎక్కువమందిని ఏడిపించే బ్లూటూత్ సమస్య ఇంకొకటి. కంప్యూటర్‌లో పాట హాయిగా వస్తుంటుంది. మీటింగ్ మొదలవగానే, లేదా గేమ్ తెరవగానే, పాత టెలిఫోన్‌లోంచి వస్తున్నట్టు అయిపోతుంది. హెడ్‌ఫోన్ పాడైందని టెన్షన్ పడతాం. అసలు జరిగేది ఏమిటంటే, ఏదో యాప్ హెడ్‌ఫోన్ మైక్‌ని అడిగింది. సంగీతం కోసం వాడే స్టీరియో పద్ధతిలో మైక్‌కి చోటు లేదు. అందుకని బ్లూటూత్ కాల్ పద్ధతికి మారిపోతుంది. అందులో సౌండ్ మోనో, అంటే రెండు చెవులకీ ఒకటే. సెకనుకి తీసే శాంపిళ్లు (శబ్దం కొలతలు) సాధారణంగా 8,000 లేదా 16,000 మాత్రమే, అంటే 4 లేదా 8 కిలోహెర్ట్జ్‌కి పైన ఏమీ రాదు. సీడీలో ఆ శాంపిళ్లు 44,100. యాప్ సెట్టింగుల్లో మైక్‌గా కంప్యూటర్ సొంత మైక్‌ని ఎంచుకోండి, హెడ్‌ఫోన్ మళ్లీ స్టీరియోకి వచ్చేస్తుంది. కొత్తగా వచ్చిన ఎల్ఈ ఆడియో అనే బ్లూటూత్ పద్ధతి రెండు వైపులా ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

బేస్ ఎక్కడికి పోయింది

యాంప్ కొనడానికి జనం చెప్పే కారణాల్లో నేను ఎక్కువగా విన్నది ఇదే, బేస్ రావట్లేదని. నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని కప్పులు మూసి ఉండే హెడ్‌ఫోన్‌తో వినేవాణ్ని. బేస్ ఎప్పుడూ వెలితిగానే ఉండేది. యాంప్ తెచ్చుకుని పెట్టినా వెలితి తీరలేదు, వాల్యూమ్ పెరిగింది అంతే. ఒకరోజు చెమట తుడుచుకోవడానికి కళ్లజోడు తీశాను, పాట నడుస్తుండగానే. కుషన్ చెవి వెనక మెత్తగా ఒదిగింది. బేస్ ఒక్కసారిగా నిండింది. మళ్లీ కళ్లజోడు పెట్టుకుంటే పోయింది. మూడుసార్లు పెట్టి తీసి చూశాను. కళ్లజోడు కాడ మందం రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో. కుషన్‌కీ చర్మానికీ మధ్య అది వదిలిన సందులోంచి బేస్ అంతా బయటికి పోతోంది. ఆ రోజు నుంచి సన్న కాడలున్న కళ్లజోడు, మందపాటి మెత్తని కుషన్లు వాడుతున్నాను.

కారణం కష్టమైందేమీ కాదు. మూసి ఉండే హెడ్‌ఫోన్‌లో తక్కువ పౌనఃపున్యాల శబ్దం చెవి ముందున్న కొద్దిపాటి గాలిని ఒత్తడం, వదలడం వల్ల వస్తుంది. ఆ గాలికి బయటికి దారి దొరికితే ఒత్తిడి నిలవదు. పంక్చరైన ట్యూబులో గాలి కొట్టినట్టే. చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్లలో ఇది మరీ ఎక్కువ. టిప్ సైజు చిన్నదైతే బేస్ పూర్తిగా పోతుంది. రెండు చెవుల రంధ్రాలు ఒకే సైజులో ఉండాలని కూడా లేదు, ఒక చెవికి పెద్దది, ఒకదానికి చిన్నది పెట్టుకోవాల్సి రావచ్చు. పరీక్ష చేయడం తేలిక. పాట నడుస్తుండగా రెండు అరచేతులతో కప్పుల్ని చెవులకి మెల్లగా ఒత్తండి. బేస్ పెరిగితే కొనాల్సింది కుషన్లు లేదా టిప్స్. ఏళ్ల తరబడి వాడి, అణగిపోయి, పైపొర పొలుసులూడుతున్న కుషన్లయితే పరీక్ష కూడా అక్కర్లేదు.

గరగర, బుస, గుయ్

శబ్దం ఎప్పుడు వస్తుందన్నదే ఇక్కడ ఆచూకీ. ప్లగ్ దగ్గర వైరు కదిపితే చిటపటమంటే లోపల వైరు తెగుతోంది, మార్చడమే. బేస్ వచ్చినప్పుడల్లా ఒక పక్క జిర్రుమంటే డ్రైవర్ పొర మీద చిన్న వెంట్రుక పడి ఉండొచ్చు, కుషన్ తీసి జాగ్రత్తగా చూడండి. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టినప్పుడు మాత్రమే గుయ్‌మంటే అది కరెంటు గ్రౌండ్ తగాదా. మౌస్ కదిపినప్పుడల్లా సన్నగా కీచుమంటే కంప్యూటర్ లోపలి విద్యుత్ గోల సౌండ్ సర్క్యూట్‌లోకి కారుతోంది. ఈ చివరిదానికి బయట పెట్టే యూఎస్‌బీ డాక్ పనికొస్తుంది. కంప్యూటర్ జాక్ తర్వాత తగిలించే యాంప్ పనికిరాదు, అది ఆ కీచుదనాన్ని కూడా భద్రంగా పెద్దది చేస్తుంది.

పాట లేనప్పుడు కూడా బుస్సుమని సన్నటి శబ్దం వస్తూ, వాల్యూమ్ పెంచినా తగ్గించినా అది మారకపోతే యాంప్ సొంత గోల. చాలా సున్నితమైన ఇయర్‌ఫోన్‌కి పెద్ద యాంప్ పెడితే వచ్చేది ఇదే. గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్న) స్విచ్ ఉంటే తక్కువలో పెట్టండి.

సౌండ్ పెంచినప్పుడు మాత్రమే చీలిపోతుంటే కాస్త ఓపిగ్గా చూడాలి. ఈక్వలైజర్‌లో (బేస్ లాంటివాటిని విడివిడిగా పెంచే, తగ్గించే సెట్టింగు) బేస్‌ని 6 డెసిబెల్స్ (సౌండ్ కొలత) ఎత్తి, మొత్తం లెవెల్‌ని ఏమీ తగ్గించకపోతే, అంకెల దగ్గరే సిగ్నల్ పైకప్పుకి కొట్టుకుంటుంది. యాప్‌లో లెవెల్‌ని 10 డెసిబెల్స్ తగ్గించి, అదే సౌండ్ వచ్చేదాకా యాంప్ వాల్యూమ్ పెంచండి. చీలిక పోతే తప్పు ఈక్వలైజర్‌ది. అలాగే ఉంటే యాంప్ శక్తి అయిపోతోంది, లేదా డ్రైవర్ తట్టుకోలేకపోతోంది.

ఇప్పుడు లెక్క

ఇవన్నీ దాటి, ఏ తప్పూ లేదని తేలాక, వాల్యూమ్ చివరిదాకా పెట్టినా చాలడం లేదంటే అప్పుడు యాంప్ మాట. దానికి రెండు అంకెలు కావాలి, ఇంపెడెన్స్, సెన్సిటివిటీ (ఇంత పవర్ లేదా వోల్టేజీ ఇస్తే ఎంత సౌండ్ వస్తుందన్న అంకె). జనం మొదటిదే చూస్తారు, ఓమ్‌లు ఎక్కువైతే యాంప్ తప్పనిసరి అంటారు. అది సగం నిజం. ఒకే పేరుతో వచ్చే బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో హెడ్‌ఫోన్ 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో దొరుకుతుంది. ఓమ్‌లు పెరిగేకొద్దీ అదే సౌండ్‌కి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఇది నిజం. కానీ హైఫైమాన్ హెచ్‌ఈ-6 అనే ప్లేనార్ (పల్చటి చదును పొరతో శబ్దం చేసే రకం) హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ 50 ఓమ్‌లే. అయినా నడపడానికి అత్యంత మొండివాటిలో అదొకటిగా పేరుపడింది, ఎందుకంటే దాని సెన్సిటివిటీ మిల్లీవాట్‌కి 83.5 డెసిబెల్స్ మాత్రమే.

మూడు ఉదాహరణలు వేసి చూద్దాం. పాటలో అతి గట్టి క్షణాలు 110 డెసిబెల్స్ దాకా చేరాలనుకుందాం. ఇది శిఖరాల మాట, సగటు దీనికి చాలా కింద ఉంటుంది. ఫోన్‌కి తగిలించే చిన్న టైప్-సి డాంగిల్ చాలావాటిలో 1 వోల్ట్ వస్తుందనుకుందాం.

32 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 100 డెసిబెల్స్ ఉన్న హెడ్‌ఫోన్‌కి ఇంకో 10 డెసిబెల్స్ కావాలి, అంటే పవర్ పది రెట్లు, 10 మిల్లీవాట్లు. పవర్‌ని వాట్లలోకి మార్చి, ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే వోల్టేజీ వస్తుంది, దాదాపు 0.57 వోల్ట్. డాంగిల్‌కి ఇది సునాయాసం. యాంప్ పెడితే వాల్యూమ్ గుండీ ఇంకాస్త కింద ఉంటుంది, వేరే లాభం లేదు.

300 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 97 డెసిబెల్స్ ఉన్నదానికి 13 డెసిబెల్స్ ఎక్కాలి. అంటే 20 మిల్లీవాట్లు, 2.45 వోల్టులు. 1 వోల్ట్ డాంగిల్‌తో శిఖరం 102 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది. నిజానికి ఇది కూడా మామూలు సినిమా పాటకి చాలామందికి సరిపోతుంది, ఎందుకంటే ఆ పాటల్ని మొదటి నుంచీ గట్టిగానే రికార్డు చేసి పెడతారు. మెల్లగా మొదలై ఉప్పెనలా లేచే ఆర్కెస్ట్రా వినేవాళ్లకి, లేదా నెమ్మదిగా రికార్డయిన పాత కచేరీలు వినేవాళ్లకి వెలితి తెలుస్తుంది. ఇక్కడ యాంప్ న్యాయమైన కొనుగోలు.

హెచ్‌ఈ-6 లాంటి దానికి 26.5 డెసిబెల్స్ ఎక్కాలి. దాదాపు 450 మిల్లీవాట్లు, 4.7 వోల్టులు, దానికి తోడు 95 మిల్లీ ఆంపియర్ల కరెంటు. ఏ ఫోనూ ఇవ్వలేదు. ఇక్కడ యాంప్ లేకుండా కుదరదు.

ఒక మోసం గురించి హెచ్చరించాలి. సెన్సిటివిటీని కొందరు మిల్లీవాట్‌కి, కొందరు వోల్ట్‌కి రాస్తారు. పై 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌నే వోల్ట్ లెక్కలో రాస్తే 102 అవుతుంది. పక్కన 32 ఓమ్‌ల దానికి 100 అని మిల్లీవాట్ లెక్కలో ఉంటే, మొదటిదే గట్టిదనిపిస్తుంది. రెండోదాన్నీ వోల్ట్‌లోకి మారిస్తే 115. నిజమైన తేడా 13 డెసిబెల్స్, అదీ తిరగబడి. పోల్చేముందు రెండూ ఒకే లెక్కలో ఉన్నాయో లేదో చూడండి.

పవర్ అంకెలు చూసి కూడా బెదిరిపోవద్దు. 100 మిల్లీవాట్ల యాంప్‌కీ 200 మిల్లీవాట్ల యాంప్‌కీ తేడా 3 డెసిబెల్స్. అంటే వాల్యూమ్ ఒకటి రెండు మెట్లు ఎక్కించినంత. సౌండ్ రెట్టింపైనట్టు మనిషి చెవికి తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల పవర్ కావాలి.

ఇందాక అన్న మినహాయింపు

వాల్యూమ్ చాలినా సౌండ్ బాగాలేనప్పుడు యాంప్ ఉపకరించే సందర్భం ఇదొక్కటే. హెడ్‌ఫోన్ జాక్‌కి కూడా తనదైన ఇంపెడెన్స్ ఉంటుంది. మంచి డాంగిల్‌లో 1, 2 ఓమ్‌లు. కొన్ని పాత పరికరాల్లో 100 పైన. పాత ఐఈసీ 61938 అనే అంతర్జాతీయ ప్రమాణమే హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌కి 120 ఓమ్‌లు అంది. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉంటే ఇబ్బంది లేదు, సౌండ్ తగ్గుతుంది అంతే. కానీ మామూలు డైనమిక్ డ్రైవర్ ఇంపెడెన్స్ బేస్ దగ్గర గుట్టలా లేస్తుంది. డబ్బా మీద 32 ఓమ్‌లున్నది అక్కడ 64కి చేరిందనుకోండి. జాక్ 100 ఓమ్‌లదైతే బేస్ దగ్గర 4 డెసిబెల్స్ అదనంగా ఉబ్బుతుంది. ముద్దముద్దగా, వదులుగా వినిపిస్తుంది. అదే మధ్యలో యాంప్ పెట్టి, దాని జాక్ 2 ఓమ్‌లదైతే ఆ తేడా పావు డెసిబెల్, చెవికి తెలియదు. కొన్ని ఇయర్‌ఫోన్లలో రెండు మూడు డ్రైవర్లుంటాయి, వాటి ఇంపెడెన్స్ గీత ఎగుడుదిగుళ్లతో నిండి ఉంటుంది, వాటికి ఈ ప్రభావం మరీ ఎక్కువ. జాక్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదని వాడుకలో ఒక లెక్క ఉంది, దాన్ని పాటిస్తే చాలు. ప్లేనార్ హెడ్‌ఫోన్ల ఇంపెడెన్స్ దాదాపు సమతలంగా ఉంటుంది కాబట్టి వాటికి ఈ బెడద లేదు.

ఈక్వలైజర్ ఎక్కువగా వాడేవాళ్లకి కూడా యాంప్ కలిసొస్తుంది. బేస్ 8 డెసిబెల్స్ ఎత్తాలంటే మొత్తం లెవెల్ 8 తగ్గించాలి. ఆ తగ్గినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి చేతిలో కొంత మిగులు ఉండాలి కదా. నా ఉద్దేశంలో నచ్చని టోన్ ఉన్న హెడ్‌ఫోన్‌కి ఖరీదైన యాంప్ కన్నా ఉచితంగా దొరికే ఈక్వలైజర్, దానికి తోడు ఒక సాదా యాంప్ ఎంతో మేలు చేస్తాయి. మెటల్ డబ్బా బరువుని బట్టి సౌండ్ మారదు.

కొన్న తర్వాత

కొత్త యాంప్ పెట్టగానే పాట నిండుగా వినిపిస్తుంది. ఆ నిండుదనాన్ని నమ్మే ముందు ఒక పని చేయాలి. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు చేసిన కొలతలు చూపించింది ఏమిటంటే, సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు చెవి బేస్‌ని సరిగ్గా పట్టదు, పెరిగేకొద్దీ పడుతుంది. అంటే వాల్యూమ్ ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువైనా బేస్ మెరుగైనట్టు, వివరం పెరిగినట్టు అనిపిస్తుంది. కాబట్టి పోల్చేటప్పుడు రెండింటి సౌండూ సమానం చేయాలి. మల్టీమీటర్ ఉంటే, తక్కువ స్వరం ఒకటి, 60 హెర్ట్జ్ అనుకోండి, ప్లే చేసి, హెడ్‌ఫోన్ పెట్టి ఉండగానే అవుట్‌పుట్ వోల్టేజీ కొలిచి సమానం చేయొచ్చు. ఆ తర్వాత ఏది నడుస్తోందో మీకు తెలియకుండా ఇంట్లో ఎవరినైనా మార్చమనండి. పది సార్లు చేసి, ఎన్నిసార్లు సరిగ్గా చెప్పగలిగారో రాసుకోండి. ఐదారు దగ్గరే ఆగితే వాపసు గడువు దాటకముందే పంపేయొచ్చు.

ఉంచుకుంటే మాత్రం గుండీ సున్నా దగ్గర, గెయిన్ తక్కువలో పెట్టి, అప్పుడే ప్లగ్ పెట్టండి. పాట మొదలయ్యాక నెమ్మదిగా పెంచండి. ఫోన్ మాత్రమే ఉన్నప్పుడు దాని బలహీనతే మన చెవికి కంచెగా ఉండేది, యాంప్ ఆ కంచె తీసేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి చెప్పిన హద్దు సగటున 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకీ సమయం సగమవుతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి ఐదే. పిల్లలకి హద్దు ఇంకా తక్కువ, 75 డెసిబెల్స్. విని హెడ్‌ఫోన్ తీశాక చెవిలో కుయ్‌మని సన్నగా మోగుతుంటే ఆ రోజు హద్దు దాటారని అర్థం. మర్నాడు గుండీ ఎక్కడ ఉండేదో గుర్తుచేసుకుని, అంతకన్నా కిందే ఆగిపోండి. నేను నా యాంప్ ముఖం మీద, గుండీ పక్కన, పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకున్నాను. రాత్రి పూట ఎంత మంచి పాట వచ్చినా దాన్ని దాటించను.